కొక్కెం ఓనరుది

ఆగస్టు ఇరవయ్యో తేదీ, మంగళవారం, మధ్యాహ్నం మూడు గంటల పది నిమిషాలకు నేను కింద పడ్డాను.

నేను ఒక సీలింగ్ ఫ్యాన్‌ని. హైదరాబాదు శివారులో ఒక ఫ్యాక్టరీలో పుట్టాను. అక్కడ రెండు గంటల పాటు ఆపకుండా తిప్పి చూసి, చీటీ అంటించి, అట్టపెట్టెలో పెట్టారు. కాకినాడలో నన్ను కొన్నది నూకరత్నం. ఆమె జాకెట్లు కుడుతుంది. పదకొండేళ్ళలో ఆమెతో నాలుగు అద్దె ఇళ్ళు తిరిగాను. మేమున్న ఇళ్ళలో ఓనర్లు ఫ్యాను ఇచ్చేవారు కాదు. స్లాబులో కొక్కెం మాత్రం ఉండేది. ఫ్యాను అద్దెవాళ్ళది, కొక్కెం ఓనరుది. ఇల్లు మారినప్పుడల్లా నన్ను విప్పి, పరుపులో చుట్టి, ఆటోలో ఎక్కించేది. కొత్త ఇంట్లో పాలు పొంగకముందే నన్ను బిగించేది. అద్దె ఇంటిని తమదనుకోవడానికి మనుషులకు ఆ మాత్రం చాలు.

నాలుగో ఇల్లు వీర్రాజు గారిది. కింద నూకరత్నం, పైన ఆయన కుటుంబం. ముందుగదికి సరిగ్గా పైన వాళ్ళ స్నానాలగది. ఏప్రిల్‌లో కప్పు మీద అరచెయ్యంత చెమ్మ కనిపించింది. మేలో అది కొక్కెం దాకా వచ్చింది. జూన్‌లో చుక్కలు మొదలయ్యాయి. నీళ్ళు కొక్కెం వెంట దిగి నా రాడ్ మీదుగా జారేవి. నేను తిరిగిన ప్రతిసారీ కొక్కెం కాస్త కదిలేది. నా కింద నూకరత్నం తల ఉండేది. కుట్టు మిషన్‌కి వెలుతురు ఉన్న చోటు అదొక్కటే.

భయపడిన ఫ్యానుకి చేతనయ్యేది చప్పుడు చేయడమే. కిర్రుమన్నాను. ఎలక్ట్రీషియన్ వచ్చి, రాడ్ పట్టుకుని ఒకసారి ఊపాడు. "పాతదైపోయిందండి, నూనె చాల్లేదు" అని కొక్కేనికీ రాడ్‌కీ మధ్య నూనె పోసి వెళ్ళాడు. చప్పుడు ఆగిపోయింది. ఇక నాకు ఆ గొంతు కూడా లేదు.

నూకరత్నం పైకి వెళ్ళి చెప్పింది. వీర్రాజు గారు దిగి వచ్చి చూశారు.

"నా ఇల్లు పాడైతే నాకు బాధ ఉండదా అమ్మా? కానీ మా కోడలికి ఐదో నెల. కడుపుతో ఉన్న మనిషి ఇంట్లో ఉండగా గునపం వెయ్యకూడదు. పురుడు కానియ్యి, పైపులన్నీ మార్పించేస్తాను."

"అప్పటిదాకా స్లాబు ఆగుతుందాండి?"

"ఇరవై ఏళ్ళు ఆగింది. ఐదు నెలలు ఆగదా?"

మర్నాడు పెయింటరు వచ్చి చెమ్మ మీద పుట్టీ పెట్టి రంగు వేశాడు. కప్పు తెల్లబడింది. నీళ్ళు పుట్టీ వెనక దిగుతూనే ఉన్నాయి.

నూకరత్నం దగ్గర కుట్టించుకునేవాళ్ళలో ఒక లాయరమ్మ ఉంది. ఆమె కప్పు చూసి అద్దె అగ్రిమెంటు అడిగింది. గోడలు, స్లాబు, పైపుల మరమ్మతు ఇంటి యజమాని చేయించాలని అందులో మూడో పేజీలో ఉంది.

"నోటితో చెప్పింది రేపు ఎవరికీ గుర్తుండదు రత్నం. రాసి పంపు. ఫొటోలు పెట్టు. రసీదు దాచు" అంది.

జూలై పదిన నూకరత్నం రిజిస్టరు పోస్టు చేసింది. రెండు రోజులకు పోస్ట్‌మాన్ ఆమె గుమ్మం ముందు నుంచే మెట్లెక్కి పైన ఇచ్చాడు. కాసేపటికి వీర్రాజు గారు దిగారు.

"పదహారు మెట్లెక్కి చెప్పేదానికి పోస్టాఫీసుకెళ్ళావా? నా మీద కాయితాలు పుట్టిస్తావా? అంత భయమైతే ఖాళీ చేసెయ్."

నూకరత్నం శ్రావణ మాసం జాకెట్లు అరవై దాకా ఒప్పుకుని ఉంది. రసీదు మిషన్ సొరుగులో పెట్టి మూసింది.

ఆగస్టు ఇరవైన వీర్రాజు గారి కోడలు హిమబిందు కిందికి వచ్చింది. గురువారం ఆమె సీమంతం. పట్టు జాకెట్టు బిగుతైంది. కుర్చీ లాక్కుని సరిగ్గా నా కింద కూర్చుంది.

"ఫ్యాను పెంచండి రత్నం గారూ, ఉడికిపోతున్నాను."

నూకరత్నం ఐదులో పెట్టింది. ఎవరి కోసం గునపం వేయలేదో ఆ మనిషి నా కింద ఉంది. ఆగడం నా చేతిలో లేదు. కొక్కెం ఊగింది. పుట్టీ పగిలి, ఎర్రటి పొడి నూకరత్నం ఒళ్ళో ఉన్న తెల్ల లైనింగు గుడ్డ మీద రాలింది. ఆమె దులిపింది. చార పడింది. వేళ్ళతో నలిపి చూసింది. తుప్పు. తలెత్తి పైకి చూసింది.

"అమ్మా, లెగండి."

"ఇప్పుడే కదండీ కూర్చున్నాను, మా అత్తగారిలా తోలేస్తారేంటి?"

నూకరత్నం నవ్వలేదు. హిమబిందు చంకల కింద చేతులు వేసి, లేపి, గుమ్మం వైపు లాగింది. స్విచ్చి దాకా వెళ్ళే వ్యవధి లేదు.

నేను పడ్డాను. నా ఒక రెక్క కుర్చీ వీపును చీల్చింది. ఇంకో రెక్క నూకరత్నం ఎడమ భుజానికి తగిలింది. ఏడు కుట్లు పడ్డాయి. హిమబిందుకు దెబ్బ తగల్లేదు.

వీర్రాజు గారు పరుగున దిగి వచ్చారు. కోడలిని చూశారు. తర్వాత నన్ను చూశారు.

"ఫ్యాను నీదేగా. పాతది, పడిపోయింది" అన్నారు.

నూకరత్నం భుజం పట్టుకునే ఉంది. "పైకి చూడండి. మీ కొక్కెం ఉందేమో."

కప్పులో కన్నం ఉంది. కొక్కెం నా రాడ్‌కి తగులుకుని నాతోపాటే వచ్చింది.

లాయరమ్మ ఇద్దరినీ కోర్టు ఆవరణలోని ఉచిత న్యాయ సహాయ కేంద్రానికి పిలిపించింది. నన్ను గోనెసంచిలో తీసుకెళ్ళి బల్ల మీద పెట్టారు. పక్కన అగ్రిమెంటు, ఫొటోలు, పోస్టు రసీదు. వీర్రాజు గారు ఫ్యాను తనది కాదని మళ్ళీ చెప్పారు.

"మావయ్యగారూ, ఆ కుర్చీలో కూర్చున్నది నేనండి" అంది ఆయన వెంట వచ్చిన హిమబిందు.

మరమ్మతు, వైద్యం ఖర్చు ఇంటి యజమానే భరించాలని, అగ్రిమెంటు గడువు తీరేదాకా నూకరత్నాన్ని ఖాళీ చేయమనకూడదని కేంద్రం వాళ్ళు ఒప్పందం రాశారు. సెప్టెంబరు తొమ్మిదిన ఇద్దరూ సంతకాలు పెట్టారు.

నన్ను సాక్ష్యంగా ఆ కేంద్రం గదిలోనే బీరువా పక్కన ఉంచారు. రాడ్‌కి చీటీ కట్టారు. కొక్కెం తీయలేదు. ఇక్కడ కప్పుకి ఇంకో ఫ్యాను తిరుగుతోంది. దాని కింద మనుషులు కూర్చుంటారు. నేను దాని కొక్కెం చుట్టూ చెమ్మ ఉందేమోనని చూస్తుంటాను.

కేంద్రానికి అందిన కాగితం ప్రకారం, సెప్టెంబరు పదకొండో తేదీ ఉదయం తొమ్మిది గంటలకు వీర్రాజు గారి స్నానాలగదిలో గునపం పడింది. ఆ రోజుకి హిమబిందుకు ఎనిమిదో నెల.