రోమునుంచి తెచ్చిన అంచు

రోములో బస్సు దిగీ దిగగానే మహాదేవి నోరు తెరిచింది, మూయడం మరిచిపోయింది. మరి ఎమ్మిగనూరులో మగ్గం గుంతలో ఇరవై యేళ్లు కూర్చున్న మనిషాయె! చేనేత ప్రదర్శనకు పిలిస్తే తొలిసారి విమానమెక్కింది. ప్రదర్శన నిన్నటితో అయిపోయింది. ఊరు చూడ్డానికి మిగిలింది ఒక్క పూట.

ఆ ఒక్క పూటలోనే అత్తకు ఈ ఊరిని పట్టుకుపోవాలి. వాళ్లింట్లో కొత్త ఊరు చూసొచ్చినవాళ్లు దాన్ని చీర అంచులో నేసి చూపించాలి. అత్త గురమ్మ వయసులో ఉన్నప్పుడు అహోబిలం వెళ్లొచ్చి నేసిన గోపురం అంచు ఇప్పటికీ పెట్టెలో ఉంది. ఇప్పుడామెకు చూపు పోయింది. "పోటోలు నాకేం పనికొస్తాయే? నా చేతి యేళ్లకు తెలిసేటట్ల తీసకరా" అని మరీ మరీ చెప్పి పంపింది.

ఎక్కడ చూసినా బ్రహ్మాండమైన స్తంభాలు, గుమ్మటాలు. రాతి గుర్రాల నోళ్లలోంచి నీళ్లే నీళ్లు.

"అక్కా, ఆడ మనం బిందెడు నీళ్లకు కొట్టుకు చస్తాంటే ఈళ్లు ఇట్ల పారబోస్తాండారే!" అని తోడొచ్చిన కోడుమూరు శివలీల గుండెలు బాదుకుంది.

మహాదేవికి సంతోషం పట్టలేకుండా ఉంది, లోపల గుబులూ తగ్గడం లేదు. ఇందులో ఏదీ రెండంగుళాల అంచులో ఇమిడేది కాదు.

చివరగా పాతకాలపు స్నానశాలకు తీసుకెళ్లారు. అందరూ కూలిన గోడలకేసి తలలెత్తి చూస్తుంటే, మెడ నొప్పెట్టి మహాదేవి తల దించింది. కాళ్ల దగ్గర నేలంతా గోరంత రాళ్లు, తెలుపూ నలుపూ, అలలు అలలుగా!

అక్కడే చతికిలబడింది. "మూడు నలుపు, ఒగటి తెలుపు, రెండు నలుపు..." పోగులు లెక్కపెట్టినట్టే వేలితో లెక్కపెట్టింది. ఎవడో మహానుభావుడు రాళ్లతో నేశాడు! ఒకచోట వేలు ఆగింది. రెండుండాల్సిన చోట మూడు నల్లరాళ్లు.

"అయ్యో నాయనా, నువ్వూ తప్పినావా!" అని పడీపడీ నవ్వింది. కాపలావాడు కేకలేస్తూ వచ్చేలోగా లెక్కంతా బుర్రకెక్కింది.

నెల తిరక్కుండానే, నల్ల అలలు చేతికి తగిలేలా ఉబ్బెత్తుగా నేసిన చీర మగ్గం దిగింది. గురమ్మ వేళ్లు అంచు మీద ఒక్కో అలనూ దాటుకుంటూ పోయి, ఠక్కున ఆగాయి.

"ఈడ తప్పినావే. ఒక పోగు ఎక్కువుండాది."

"నేను గాదత్తా. శానా యేండ్ల కింద ఆడ రాళ్లు పరిచిన ఆయప్ప తప్పినాడు. ఉన్నదున్నట్ల తెచ్చినా."

గురమ్మ ఆ తప్పును మెల్లగా నిమిరింది. ముఖం వెలిగిపోయింది.

"పాపం, పొద్దుగూకింటాది. చూపు ఆనిండదు," అంది. "కనపడతాండాడే, ఆ మనిషి!"