తుమ్ము కలిపిన హలోగారు

హలోగారి అసలు పేరు వీధిలో ఎవరికీ గుర్తులేదు. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసినన్నాళ్ళూ నోటికి అంటుకున్న హలో, ఉద్యోగం దిగిపోయాక కూడా ఆవిణ్ణి వదల్లేదు. తలుపు తట్టినా హలో, పాలు పొంగినా హలో. కాపురానికొచ్చిన కొత్తలో కోడలు పక్కగదిలో దగ్గితే "హలో, ఎవరూ?" అంది. కోడలు పడీపడీ నవ్వింది. అప్పట్నుంచీ అత్తాకోడళ్ళు ఒక జట్టు. మధ్యలో కళ్ళజోళ్ళ దుకాణం నడుపుకునే కొడుకే పరాయివాడయ్యాడు.

కోడలి పని శబ్దాలు చెయ్యడం. పిల్లల బొమ్మలాటలకి కావలసిన ఉరుములూ, గుర్రపు డెక్కలూ, దెయ్యాల నిట్టూర్పులూ అన్నీ కంప్యూటర్లో పుట్టించేది. ఆదివారం పొద్దున లైబ్రరీ హాల్లో ఆట ఉంది. కథంతా ఒక గున్న ఏనుగు తుమ్ము మీదే నడుస్తుంది. సరిగ్గా దానికి రెండ్రోజుల ముందే కోడలు కర్టెన్లు తగిలించబోయి, స్టూలు మీంచి పడి, కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది.

శనివారం మధ్యాహ్నం కట్టు కట్టిన చేతిని దిండు మీద పెట్టుకుని, ఎడం చేత్తో మౌసుతో కుస్తీ పడుతోంది కోడలు. బట్టలు మడతపెడుతున్న హలోగారి చూపు అనుకోకుండా తెరమీద పడింది. వరసగా డబ్బాలు. డబ్బాలనిండా కన్నాలు. కన్నాల్లోంచి ఎర్రవీ పచ్చవీ తీగలు వేలాడుతున్నాయి. ఆవిడ చేతిలో దుప్పటి కిందికి జారిపోయింది.

"అమ్మాయ్! ఇది మా ఎక్స్ఛేంజి కదే!"

"కాదత్తయ్యా, సింథసైజరు. ఒక్కో డబ్బాది ఒక్కో పని. ఇది స్వరం పుట్టిస్తుంది, ఇది హోరు పుట్టిస్తుంది. తీగ గుచ్చి ఎక్కడికి పంపితే అక్కడికి పోతుంది."

"నేనూ అదేగా అంటున్నా. లే, ఆ కుర్చీ ఇటియ్యి."

హలోగారు స్వరం డబ్బా నుంచి తీగ లాగి స్పీకరు కన్నంలో గుచ్చింది. బూఁ అంది. ఆవిడ కుర్చీలో గంతేసింది. హోరు డబ్బా నుంచి ఇంకో తీగ లాగి అదే కన్నంలో గుచ్చింది. ఈసారి హుస్సుమంటోంది గానీ బూఁ లేదు. మొదటి తీగ ఊడిపోయి ఉంది. దాన్ని మళ్ళీ గుచ్చితే రెండోది ఊడింది.

"లైను కట్టయిపోతోందేమిటే!"

"ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు కదత్తయ్యా. లోపలికెళ్ళే కన్నానికి ఒకటే తీగ. రెండూ కలిసి వినబడాలంటే మధ్యలో మిక్సర్ పెట్టాలి."

"మిక్సీ రిపేరుకిచ్చాను!" అని కొడుకు పక్కగదిలోంచి అరిచాడు.

"నువ్వూరుకోరా!" అన్నారు ఇద్దరూ ఒకేసారి.

కోడలు చెప్పగా హలోగారు మిక్సర్ తెచ్చి పెట్టింది. అది సన్నటి డబ్బా. లోపలికి నాలుగు కన్నాలు, బయటికి ఒకటి, ప్రతి కన్నం పక్కనా తిప్పుకోవడానికి ఒక గుండీ.

"అంటే నాలుగు లైన్లు కలిపి ఒక్క లైన్లో పంపిస్తుందా?" అని ఆవిడ బుగ్గన వేలేసుకుంది. "ఇది మా దగ్గర మహాపాపమే! ఒకసారి నేను పొరపాటున పళ్ళ డాక్టరు లైనూ, పెళ్ళి సంబంధం మాట్లాడుకునేవాళ్ళ లైనూ కలిపేశా. పెళ్ళికూతురి తండ్రి 'అబ్బాయి ఎలా ఉంటాడండీ?' అనడిగితే, డాక్టరు 'రెండు పుచ్చిపోయాయి, పీకెయ్యాల్సిందే' అన్నాడు. నాకు మెమో ఇచ్చారు. ఇక్కడ అదే విద్యా?"

కోడలు నవ్వలేక కట్టు చెయ్యి పట్టుకుని "అమ్మా, నొప్పి, అమ్మా" అంటూ నవ్వింది.

హలోగారికి హుషారొచ్చింది. మూడు శబ్దాలు గుచ్చి, మూడు గుండీలూ చివరిదాకా తిప్పింది. ఇల్లు దద్దరిల్లింది. తెరమీద ఎర్రదీపం వెలిగింది. కొడుకు కళ్ళజోడు నెత్తిమీద పెట్టుకునే పరిగెత్తుకొచ్చి, గుమ్మానికి గుద్దుకున్నాడు.

"అందరూ ఒకేసారి గొంతు చించుకుంటే ఎవరి మాట వినబడుతుందత్తయ్యా?" అంది కోడలు. "కలపడమంటే పెంచడం కాదు. ఎవర్ని ఎంత మాట్లాడనివ్వాలో చూసుకోవడం."

ఆ మాటతో హలోగారి వెన్ను నిటారైంది. అన్ని గుండీలూ సున్నాకి తెచ్చింది. "హలో, ముందు మీరు మాట్లాడండి" అంటూ లావుపాటి స్వరాన్ని కాస్త లేపింది. అది ఏనుగు పొట్ట. "మీరు వెనకాల రండి" అంటూ హోరుని సగానికి తెచ్చింది. అది ముక్కు. "మీరు ఊరికే తొంగిచూడండి చాలు" అంటూ సన్నటి ఈలని ఇంత కలిపింది. అది తొండం కొస. తుమ్ము ఒక రూపానికొచ్చింది.

"వినబడని తీగలు కూడా కలపొచ్చు" అని కోడలు రెండో మిక్సర్ పెట్టించింది. మెల్లగా పైకెక్కే అల ఒకటీ, గడగడా వణికే అల ఒకటీ అందులో కలిపి, స్వరాన్ని ఎక్కించి దించే కన్నానికి పంపారు. పొట్టలోంచి "హా... ఆఆ... ఆఆఆ" అంటూ వణుక్కుంటూ ఎగబాకింది తుమ్ము. అత్తాకోడళ్ళకి పొట్టలు చెక్కలయ్యాయి.

ఆ ఊపులో హలోగారు, తయారైన శబ్దాన్నే తీసుకెళ్ళి మూడో మిక్సర్లో రెండు కన్నాలకి గుచ్చి, ఒక గుండీని కుడికీ రెండోదాన్ని ఎడమకీ చివరిదాకా తిప్పింది. ఇల్లంతా నిశ్శబ్దం.

"చంపేశానే!"

"లేదత్తయ్యా. గుండీకి సున్నా నడిమధ్యన. అది దాటి ఎడమకి తిప్పితే అల తలకిందులవుతుంది. ఒకటి పైకి, ఒకటి కిందికి. కలిస్తే సున్నా."

"ఇద్దరూ అరుస్తూనే ఉన్నారు, చప్పుడు మాత్రం లేదంటావు. నేనూ మీ మామగారూ అలిగినప్పుడు ఇలాగే ఉండేది."

ఆ నిశ్శబ్దం ఆవిడకి తెగ నచ్చేసింది. తుమ్ముకి ముందు ఏనుగు ఊపిరి బిగబట్టడానికి అదే వాడతానంది.

"దానికి మోత తగ్గిస్తే సరిపోతుందిగా!" అంది కోడలు.

"తగ్గించడం ఎవరైనా చేస్తారు. నేను లేకుండా చేస్తా."

ఆదివారం హాలు పిల్లలతో కిటకిటలాడుతోంది. బొమ్మలాట తెర పక్కన కంప్యూటరు ముందు హలోగారు, ఆవిడ పక్కన కట్టుతో కోడలు. గున్న ఏనుగు తొండమెత్తింది. "హా... ఆఆ... ఆఆఆ!" పిల్లలు కళ్ళు పత్తికాయల్లా చేసుకున్నారు. హలోగారు రెండో గుండీని ఎడమకి తిప్పింది. మోత మాయమైంది. హాలు బిగుసుకుపోయింది. ఆ ముఖాలన్నీ ఇటే చూస్తున్నాయి. వాటిని చూస్తూ ఆవిడ గుండీ సంగతే మరిచిపోయింది.

ఏనుగు విసురుగా తల ఊపింది. తుమ్ము రాలేదు. మళ్ళీ ఊపింది. రాలేదు. లోపలున్న బొమ్మలాట మాస్టారు ఏం చెయ్యాలో తోచక ఏనుగుని దాని తొండంలోకి అదే తొంగిచూసేలా చేశాడు.

"లోపల ఇరుక్కుపోయింది!" అంది ముందువరసలో ఒక బుజ్జిపిల్ల.

"అత్తయ్యా, గుండీ ఇంకా ఎడమకే ఉంది!" కోడలు మోచేత్తో పొడిచింది.

"హలో!" అంది హలోగారు. గుండీని పట్టుకుని ఒక్కసారిగా కుడివైపు చివరికి తిప్పేసింది.

కిటికీ అద్దాలు గలగలమన్నాయి. మాస్టారు హడలిపోయి ఏనుగుని వదిలేశాడు. అది గాల్లో ఎగిరి బుజ్జిపిల్ల ఒళ్ళో పడింది. హాలు విరగబడి నవ్వింది. "మళ్ళీ! మళ్ళీ!" అని కుర్చీలెక్కి గంతులు. హలోగారికి కాళ్ళు నేలమీద నిలవలేదు. ఈల ఒక్కటే ఉంచి చీమ తుమ్ము తుమ్మించింది. పొట్ట ఒక్కటే ఉంచి కొండ తుమ్ము తుమ్మించింది. మాస్టారు కథ వదిలేసి రాజుగారికీ, మంత్రిగారికీ, ఆఖరికి సింహాసనానికీ జలుబు చేయించాడు.

ఆటయ్యాక మాస్టారు చెమట తుడుచుకుంటూ వచ్చాడు. "అమ్మగారూ, వచ్చే ఆటకి ఒక కప్ప కావాలండీ."

"ఒక్క కప్పా? నా దగ్గర నాలుగు కన్నాలున్నాయి బాబూ!"

ఇంటికెళ్ళే దారంతా అత్తాకోడళ్ళు కప్పల్ని వెతుక్కున్నారు. హలోగారు లావుగా "బెక్" అంటే కోడలు సన్నగా "బెకబెక" అంది. దారిన పోయేవాళ్ళు ఆగి చూశారు. కొడుకు కంప్యూటరు సంచీ మోసుకుంటూ, వీళ్ళెవరో తనకి తెలియనట్టు దూరంగా వెనకాల నడిచాడు. మలుపు తిరిగి వీధిలో ఎవరూ లేకపోయేసరికి అటూ ఇటూ చూసి, గొంతు సవరించుకుని, వాడూ ఒక "బెక్" అన్నాడు.

"కాస్త తగ్గించరా" అంది హలోగారు వెనక్కి తిరక్కుండానే.