గోడ ఆగింది

బబన్ లోఖండే పాత బ్యాటరీ మొనలను రబ్బరుతో రుద్దుతూనే, మోకాలి మీదున్న ఫోన్ తెరను బొటనవేలితో పైకి తోస్తున్నాడు. అమ్మకం పేజీలో వీడియో కెమెరా నిగనిగలాడుతోంది. కింద 'బొమ్మ వణకదు' అని ఒక్క ముక్క. వణకదు సరే, ఏ రకం? అది చెప్పడానికి మాత్రం వాళ్లకు నోరు రాదు. డబ్బు కట్టేదాకా కొనేవాడు దేవుడు, కట్టాక ఎవడో.

రకాలు రెండు. లోపల గాజు కదిలి చేతి వణుకును మింగేది ఒకటి. బొమ్మ అంచులు కత్తిరించేసి, మిగిలినదాన్ని నిలబెట్టానని నటించేది రెండోది. ఆ రెండోదాని సంగతి బబన్‌కు నిరుడే తెలిసింది. అద్దె కెమెరాతో గణపతి నిమజ్జనం తీస్తే, అంచున నిలబడిన ఉత్సవ మండలి అధ్యక్షుడు కాస్తా బొమ్మలోంచి ఎగిరిపోయాడు.

"హారతి పళ్లెం వచ్చింది, పట్టుకున్నవాణ్ణి ఎవడు మింగాడ్రా?" అని చౌరస్తాలో నిలదీశాడు అధ్యక్షుడు. అందరూ నవ్వారు. ఈ ఏడు ఆ మండలి పని డ్రోన్ కుర్రాళ్లకు పోయింది.

మిగిలింది మగ్గాల వీధి మండలి ఒక్కటే. రేపు చవితి. కెమెరా ఇవాళ ఆర్డర్ పెట్టకపోతే నిమజ్జనానికి అందదు. ఆ ఒక్క పనీ పోతే ఇచల్‌కరంజిలో బబన్ అనే వీడియోవాడు ఉన్నాడని ఎవరికీ గుర్తుండదు. మరమగ్గం రొదకు చెవులు పోతాయని వయసులోనే మిల్లు మాని కెమెరా పట్టినవాడు. ఇప్పుడు మిల్లు కూడా పిలవదు. ఊళ్లో సగం మంది పెళ్లిళ్లు తీశాడు. వాళ్ల అత్తల ఏడుపులు, మామల అలకలు, తాగి చిందులేసిన బావమరుదులు, అందరూ అతని టేపుల్లో ఉన్నారు. పెళ్లాం సుమన్ మాత్రం ఒక్కదాంట్లోనూ లేదు.

అదే కెమెరా పోయిన నెల స్నేహితుడు జాలిందర్ కొన్నాడు. వాడిది బస్టాండు వెనక ఎడిటింగు కొట్టు.

"పెట్టె మీదా రాయలేదురా ఏ రకమో. సాయంత్రందాకా నీ దగ్గరే ఉంచుకుని చూసుకో. చూస్తే అరిగిపోదు" అని ఇచ్చాడు.

బబన్ దాన్ని చేతిలోకి తీసుకుని వంటింటి గుమ్మం దగ్గరికి నడిచాడు. సుమన్ పీట మీద ఇసుకతో శివపార్వతులను చేస్తోంది. ఇవాళ హర్తాళిక. మొగుడి ఆయుష్షు కోసం ఆడది మంచినీళ్లైనా ముట్టని రోజు. పెళ్లైన నాటి నుంచి ఒక్క ఏడూ తప్పలేదు. పొద్దున చక్కెర జబ్బు మాత్ర ఒట్టి గొంతుతో మింగుతూ, "మందు తిండి కాదుగా, వ్రతం చెడదు" అంది. బబన్ తలూపాడు. అతనికీ అది సబబుగానే తోచింది.

"సుమన్, ఇలా వసారాలోకి వచ్చి గోడ దగ్గర నిలబడు."

"నన్నెందుకండీ? సినిమాకు పనికొస్తానా?"

"గోడను చూసి ఎవడూ పని ఇవ్వడు. మొహం కావాలి. ఆ పత్రి పళ్లెం పట్టుకో. కదలకు."

"ఇన్నాళ్లకు గోడ కంటే నయమయ్యాను" అని నవ్వుతూ లేచింది. లేస్తూ తలుపు పట్టుకుంది.

బబన్ వణుకు ఆపే మీట వేశాడు, ఆపాడు, మళ్లీ వేశాడు. కత్తిరించే రకమైతే అంచున ఉన్న తలుపు బొమ్మలోంచి తప్పుకోవాలి. తప్పుకోలేదు. గాజు రకమే! అతని గుండె తేలికైంది. ఇక దూరం నుంచి చూడాలి. వసారా చివరకు పోయి, బొమ్మను దగ్గరికి లాగాడు.

గోడ మీద సున్నం పెచ్చు కూడా స్పష్టంగా నిలిచింది. పళ్లెంలో ఆకులు మాత్రం అల్లాడుతున్నాయి.

"కదలొద్దన్నానా!"

"కదలట్లేదండీ."

మళ్లీ తీశాడు. అంచులు నిలబడి మధ్యలో బొమ్మ జావలా ఊగడం చవక కెమెరాల రోగం. ఇదీ ఆ జాతిదే అన్నమాట. దొంగనాయాళ్లు. ఇంకా దగ్గరికి లాగాడు. ఆమె వేళ్లు, గడ్డం, పెదవి, అన్నీ అదురుతున్నాయి. నుదుటి బొట్టు చెమటకు కారి ముక్కు మీదికి దిగింది.

"కూర్చోనా?"

"ఆగు. ఒక్కసారి. నువ్వు కూర్చుంటే నేనెలా చూసేది?"

ఆమె ఆగింది. బబన్ కెమెరా కన్ను ఆమె మీదే ఉంచి, రెండో చేత్తో జాలిందర్‌కు ఫోన్ కలిపాడు.

"నీ కెమెరా మోసంరా. మధ్యలో అంతా ఊగుతోంది."

"గోడ ఎలా ఉంది?"

"గోడ రాయిలా ఉంది. మనిషే ఆగట్లేదు."

"గోడ ఆగితే కెమెరా మంచిదేరా సన్నాసీ! ఎవర్ని తీస్తున్నావు?"

చేతిలోని చిన్న తెర మీద గోడ ఉంది, సున్నం పెచ్చు ఉంది. మనిషి లేదు. పళ్లెం పడిన చప్పుడు అప్పుడు వినబడింది.

ఆమె గోడకు జారి కూర్చుంది. రవిక తడిసి ముద్దైంది. బబన్ పరుగెత్తి గాజు గ్లాసులో చక్కెర నీళ్లు కలిపి తెచ్చాడు. పెదవులకు ఆనిస్తే సుమన్ బిగించేసింది.

"తాగు. నీకు దండం పెడతాను, తాగు."

"రేపు... పూజయ్యాక" అంది. తరవాత మాట ముద్దైపోయింది. పోసిన గుక్క గడ్డం మీదుగా కారిపోయింది. ఆ తరవాత పోయడానికి భయమేసింది.

ఆటోలో ఆమె తల అతని భుజం మీదే ఉంది. ఆస్పత్రిలో డాక్టరమ్మ సూది గుచ్చి, ఛాతీ నొక్కి, చివరకు చేతులు తీసేసింది.

"ఆ మాత్ర వేసుకుని పస్తు ఉందా? మీరు ఇంట్లోనే ఉన్నారా?"

"ఉన్నాను. చూస్తూనే ఉన్నాను" అన్నాడు బబన్.

జాలిందర్ పరుగున వచ్చి భుజం పట్టుకుంటే, వాడి మొహంలోకి చూసి, "కెమెరా మంచిదేరా. గాజు రకమే" అన్నాడు. ఇంకేం అడిగినా అదే అన్నాడు.

సుమన్‌ను ఇంటికి తెచ్చేసరికి పొద్దు వాలింది. పడుకోబెట్టడానికి వసారాలో చోటు చేస్తున్న ఆడవాళ్లు అన్నీ పక్కకు జరిపారు. గోడ వారగా ఉన్న గాజు గ్లాసును మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. నీళ్లు అంచుకు కాస్త కిందుగా నిశ్చలంగా ఉన్నాయి. అడుగున చక్కెర కరగకుండా తెల్లగా పేరుకుని ఉంది.