లసుమక్క దాచుకున్న చరణం

లసుమక్క పసుపు కళ్లంలో నిలబడి మైకు సరిచేసుకుంటున్నది, కళ్లం అంటున్నాను గాని అది వేదిక కూడా, ఆరబోసిన పసుపు కొమ్ముల మీద జనం చెప్పులు విడిచి కూర్చున్నారు, ఎవరి ముఖమూ ఆనడం లేదు, అందరి పాదాలూ మాత్రం పచ్చగా ఉన్నాయి. ఆమె పోయి ఏడాది దాటిందని నాకు తెలుసు, అయినా ఆ సంగతి ఇప్పుడెత్తడం మర్యాద కాదనిపించి, ఆమె బతికున్నప్పటిలాగే ఢోలక్ ఒళ్లో పెట్టుకుని పక్కన కూర్చుంటాను.

"ఏంది భూమేశూ, గట్ల జూస్తున్నవ్?"

"ఒకటి అడుగుతా అక్కా, కోపం జెయ్యవు గద?"

"సచ్చినోళ్లకు కోపమేంది తమ్మీ, అడుగు."

అడగాల్సింది "ఇసుక దేశపు మామ" గురించే. ఆమె మొగుడు గంగారాం బావ గల్ఫ్‌కు పోయి ఏళ్లకేళ్లు రాకపోతే, బీడీలు చుడుతూ చుడుతూ ఆమె కట్టిన పాట అది, క్యాసెట్ల కాలంలో మా దిక్కు ఆడవాళ్లంతా కళ్లొత్తుకుంటూ పాడుకున్న పాట. ఉన్నవి రెండు చరణాలే. రెండోది అయిపోయేసరికి కూడా మామ రాడు, ఆమె గడప మీదే ఉంటుంది. ఇప్పుడు ఆమె పేరు మీద ఆ పాటను మళ్లీ రికార్డు చేస్తున్నవాళ్లు, మూడో చరణం నువ్వే రాయి, ఎప్పుడూ పక్కనున్నది నువ్వే కదా అంటున్నారు.

"మూడో చరణం ఉన్నదా, లేదా అక్కా?"

ఆమె నవ్వుతుంది, ఆ నవ్వులోనే కళ్లంలోకి గోదారి నీళ్లు మెల్లగా వస్తాయి, పసుపు తేలిపోతుంది, జనం కూర్చున్నవాళ్లు కూర్చున్నట్టే దూరం జరుగుతారు, మేమిద్దరం వాళ్లింటి వసారాలో ఉన్నాం, ఆమె ఒళ్లో బీడీల చాట ఉంది, ఇందులో వింతేమీ లేనట్టు ఆమె ఆకు కత్తిరిస్తున్నది.

"ఉన్నది. మీ బావ వచ్చిన నాడే కట్టిన."

"మరి నాకెందుకు ఇనిపియ్యలే?"

"ఆయనకు ఇనిపిచ్చిన. తెచ్చిన పెట్టె గూడ ఇంకా ఇప్పలే. ఇన్నడు, ఇంటెన్కకు పోయి పొద్దుగూకేదాక కూసున్నడు. ఆ మొఖం జూసినంక మల్ల నోట్లెకు రానియ్యలే."

"గంత ఏడుపు పాటనా?"

"ఏడుపెక్కడిది తమ్మీ, ఎగిరే పాట!"

ఆమె చాట పక్కన పెడుతుంది. నేను పాత అలవాటున నెమ్మది దరువు అందుకోబోతే మణికట్టు మీద చిన్నగా కొడుతుంది.

"గది కాదు, ఉరికియ్యి."

ఉరికిస్తాను, ఆమె పాడుతుంది:

"వచ్చినవా మామా, కూసో పీట మీద,
సల్లనీళ్లు తాగు, బువ్వ ఉట్టి మీద,
నా పాట కోసమని ఊర్లు జూస్తున్నయి,
పొద్దుగూకి వస్త, తలుపు దగ్గరేసుకో!"

నాకు నవ్వు ఆగదు, ఆశ్చర్యమూ ఆగదు. మేమంతా ఎవరి కోసం ఏడ్చామో ఆ మనిషికి గడప మీద కూర్చునే తీరికే లేదు, ఆ గొంతులో ఇంత వేగం ఎన్నాళ్లుగా దాగి ఉందో పక్కన ఢోలక్ కొట్టిన నాకే తెలియలేదు.

"ఇప్పుడు ఇది పాడియ్యాల్నా అక్కా?"

"నన్నడుగుతవేంది? ఇని బాధపడ్డ మనిషి బతికే ఉన్నడు. ఆయన్నడుగు. ఇప్పుడైతే నవ్వుతడేమో, నాకూ తెల్సుకోవాలనే ఉన్నది."

ఇంకో మాట అడగబోతాను, వసారా ఒక్కసారి ముందుకు ఊగుతుంది.

బస్సు బ్రేకు వేసింది. కరీంనగర్‌కు రికార్డింగుకు పోతున్న బస్సు, మిట్టమధ్యాహ్నం, గంగారాం బావ ఉండే ఊరి పేరును కండక్టర్ పిలుస్తున్నాడు. చరణం వెతికితే పదాలు చెదిరిపోయాయి, తలుపు దగ్గరేసుకోమన్న ముక్క ఒక్కటే మిగిలింది. నేను ఢోలక్ సంచి భుజానికెత్తుకుని ఇక్కడే దిగుదామని లేచాను.

"ఆపినవేంది?" అంది పక్క సీట్లో ఉల్లిగడ్డల సంచితో కూర్చున్న ముసలామె. "నిద్రలనే ముందటి సీటు కడ్డీ మీద మంచిగ కొడ్తున్నవ్ గదా."

చూస్తే, ఆమె కాలు ఇంకా ఊగుతూనే ఉంది, వడివడిగా.