మార్కర్ మట్టయ్య

తడిపిన మట్టి మీద రోలరు ఆఖరిసారి లాగి, మట్టయ్య సున్నం డబ్బా అందుకున్నాడు. ఎల్‌బీ నగర్‌లోని ఆ కాలనీ క్లబ్బులో ముప్పై ఏళ్లుగా టెన్నిస్ మార్కర్ అతను. కోర్టు చదును చేయడం, గీతలు గీయడం, సభ్యులు చిన్నబుచ్చుకోకుండా వాళ్లతో ఆడి ఓడిపోవడం అతని ఉద్యోగం. ఓడిపోతాడు గానీ అబద్ధం చెప్పడు. బంతి గీత దాటితే సెక్రటరీ కొట్టినదైనా అవుటే. సొంత కూతురికి కూడా ఏనాడూ ఒక్క పాయింటు దానం చేయలేదు.

ఆ కూతురు సంతోషికి పంతొమ్మిదేళ్లు. క్లబ్బు పారేసిన బంతులతో ఆట నేర్చి పెద్ద టోర్నమెంట్ల దాకా వెళ్లింది. మూడింటిలో పాయింట్లు వస్తేనే ర్యాంకు. ర్యాంకుంటేనే జాతీయ సంఘం కోచ్‌ని, దారిఖర్చుల్ని ఇస్తుంది. ఆ సాయం లేకనే ఆమె రెండింటి దగ్గర ఆగిపోయింది. పెళ్లి కుదిరితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కుదరదన్నట్టుంది వ్యవహారం. చివరికి సంఘమే దయతలచి విజయవాడ పోటీలో ఆమెకు నేరుగా చోటిచ్చింది. ఈరోజు సాయంత్రం ఆరులోగా అక్కడికి వెళ్లి సంతకం పెట్టాలి.

బయటేమో ప్రత్యేక తెలంగాణ కోసం సకల జనుల సమ్మె. బస్సుల్లేవు, రైళ్లు కదలడం లేదు.

“నా కారు తీసుకెళ్లండి మట్టయ్యా,” అన్నాడు సెక్రటరీ త్రినాథరావు. “చౌరస్తాలో మీవాళ్లు వదిలితే చాలు, ఆపైన మా డ్రైవరు చూసుకుంటాడు.”

చౌరస్తాలో రోడ్డుకడ్డంగా కూర్చున్నవాళ్లలో మట్టయ్య తమ్ముడు భిక్షపతి ముందున్నాడు. ఆర్టీసీ డ్రైవరతను. అన్న చెప్పింది విని లేచి పక్కకు వచ్చాడు.

“సంతోషి నాకు మాత్రం బిడ్డ కాదా అన్నా? నువ్వు ఇడువుమంటే ఇడుస్తం. కానీ పొద్దుగాల పెండ్లి బండిని ఎనకకు పంపినం. గాళ్లకేం చెప్పాలె, నువ్వే చెప్పు.”

మట్టయ్య వెనక్కి చూశాడు. కారులో సంతోషి బ్యాగు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. బతిమాలితే పని అయ్యేదని అతనికి తెలుసు.

“ఒగలకు అవుటని, ఇంకొగలకు ఇన్ అని ఎట్లంటం తమ్మీ,” అన్నాడు.

కారు వెనక్కి తిప్పించాడు. ఆ మాట అన్న నోరు పడిపోతే బాగుండునని దారంతా అనుకున్నాడు.

ఆరు దాటాక క్లబ్బుకు ఫోనొచ్చింది. ఆ చోటు ఇంకో అమ్మాయికి ఇచ్చేశారు.

“దిల్‌సుఖ్‌నగర్‌ల ఒక స్కూల్ల ఆటల టీచరు కావాల్నట నాయినా,” అంది సంతోషి. “సమ్మె అయిపోంగనే చేర్త.”

“మల్లొచ్చే ఏడు సూద్దం బిడ్డా.”

“వద్దు. నువ్వు తప్పు చేసుంటే కోపమన్న చేసెటిదాన్ని. నువ్వు తప్పు చెయ్యలే. గందుకే ఇగ నాతోని కాదు.”

గేటు దగ్గరగా వేసి, మీర్‌పేట్‌లోని ఇంటి వైపు నడిచి వెళ్లిపోయింది. రేపు సభ్యులు ఆరింటికే వస్తారు. మట్టయ్య పైపు తీసి కోర్టుకు నీళ్లు పట్టాడు.

బెంచీ మీద కొత్త బంతుల డబ్బా ఉంది. పోటీకి ముందు కొత్త బంతి చేతికి అలవాటు కావాలని నిన్ననే సంతోషి కొనుక్కుంది. ఇంకా సీలు తీయలేదు.