రెండు గీతల దూరం

స్కూలు బస్సు నడిపే మా బావ దగ్గర తాళాలు లాక్కున్నారని అక్క ఫోన్ చేసింది. అప్పుడు నేను ఆఫీసులో, అందుకు కారణమైన కంప్యూటరు ముందే కూర్చుని ఉన్నాను. ఆ సంగతి నాకింకా తెలియదు. అక్క ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది. పొద్దున స్కూల్లో బావని బస్సు దగ్గరికే పోనివ్వలేదట. తనిఖీలో ఏదో తేలిందన్నారట, ఏం తేలిందో మాత్రం చెప్పలేదట. "నీ ఉద్యోగం ఇలాంటి తనిఖీలేగా, నీకేమైనా తెలుసా?" అని అడిగింది.

తెలుసుకోవడానికి ఎంతోసేపు పట్టలేదు. ఆ స్కూలుకి తనిఖీలు చేసిపెడుతున్నది మా కంపెనీయే.

మా పనేమిటో ముందు నాలుగు ముక్కల్లో చెప్పాలి, లేకపోతే నా కోపం మీకు అర్థం కాదు. మా దగ్గరున్నది గ్రాఫ్ డేటాబేస్. అందులో ప్రతి మనిషీ ఒక చుక్క. ప్రతి ఫోన్ నంబరూ, ప్రతి ఇల్లూ, ప్రతి బండీ ఒక్కో చుక్క. ఫలానా మనిషి ఫలానా నంబరు వాడతాడంటే ఆ రెండు చుక్కల మధ్య ఒక గీత పడుతుంది. ఇలా లక్షల చుక్కలు, అంతకు మించి గీతలు. ఈ చుక్క నుంచి ఆ చుక్కకి అన్నిటికన్నా తక్కువ గీతలున్న దారేదని అడిగితే రెప్పపాటులో వెతికిపెడుతుంది. స్కూలువాళ్ళు తమ దగ్గర పనిచేసేవాళ్ళ పేర్లు ఇస్తారు. ఆ పేర్ల నుంచి శిక్షపడిన నేరస్తుల దాకా దగ్గర దారి ఉందేమో మేము చూస్తాం. దారి మరీ చిన్నదైతే ఆ పేరు పక్కన ఎర్ర గుర్తు పడుతుంది.

ఇందులో ఒక చిక్కుంది. వందమంది వాడే నంబరు ఒకటి ఉందనుకోండి, ఆ వందమందిలో ఎవరి నుంచి ఎవరికైనా రెండే గీతలు. వరసలు కలుపుకుంటూ పోతే అందరూ చుట్టాలేనంటారే, అలాగ. దగ్గర దారి వెతకమంటే యంత్రం పరుగెత్తుకుంటూ అలాంటి చోటికే పోతుంది. దానికి బుద్ధి లేదు, ఉండాల్సింది మనకి. అందుకే వెతికే ప్రశ్నలో నేను ఒక వాక్యం రాశాను. పాతిక గీతలకు మించి ఉన్న చుక్క మీదుగా దారి చూడవద్దు అని. దాన్ని రాయడానికి డెమోతో నెలరోజులు పోట్లాడాను.

డెమో అంటే మా మేనేజరు. ఆయన్ని మేమంతా చాటున అలాగే పిలుస్తాం. పని జరిగిందా లేదా అన్నది ఆయనకి పట్టదు. చూపించడానికి ఏముందన్నదే ఆయన బెంగ.

స్కూలు జాబితా తెరిచాను. బావ పేరు పక్కన ఎర్ర గుర్తు. బావ నుంచి ఒక ఫోన్ నంబరుకి గీత, ఆ నంబరు నుంచి ఇంకొకడికి గీత. ఆ ఇంకొకడు పిల్లల్ని ఎత్తుకుపోయి జైలుకెళ్ళినవాడు. తర్వాత ఆ నంబరు చూశాను. అది నాకు నోటికి వచ్చు.

బస్సులు నిలిపే స్థలానికి ఎదురుగా ఒక టైర్ల షాపు ఉంది. ఆ నంబరు దానిది. బండి నడిపేటప్పుడు డ్రైవరు దగ్గర ఫోన్ ఉండకూడదని స్కూలే నియమం పెట్టింది. మంచి నియమమే. మరి ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోతే కబురెలా? అందుకని డ్రైవర్లందరూ ఎక్కడ రెండో నంబరు అడిగినా టైర్ల షాపుదే రాయిస్తారు. షాపు యజమాని తల్లిని అందరూ పెద్దమ్మ అంటారు. ఆవిడ ఫోనెత్తి కబురు వింటుంది. బస్సు రాగానే దానికి అడ్డంగా నిలబడి అరిచి చెబుతుంది. అక్కకి కూతురు పుట్టిన సంగతి బావకి అలాగే తెలిసింది, ఆయనతోపాటు సగం వీధికి కూడా. ఆ దుర్మార్గుడు ఎప్పుడో కొన్నాళ్ళు లారీ తెచ్చి అక్కడ నిలిపేవాడట. వాడూ అందరిలాగే ఆ నంబరే రాయించాడు.

ఆ నంబరుకి వందకు పైగా గీతలున్నాయి. నా వాక్యం ఉంటే దాని మీదుగా దారి దొరకనే కూడదు. ప్రశ్న తెరిచి చూస్తే ఆ వాక్యం లేదు. దాన్ని ముట్టుకునే అధికారం ఉన్నది ఇద్దరికే. నేను తీయలేదు.

డెమో గదిలోకి తలుపు తట్టకుండానే వెళ్ళాను. ఆయన దాచలేదు సరికదా, గొప్పగా చెప్పుకొచ్చాడు. స్కూలువాళ్ళకి మొదటిసారి చూపించినప్పుడు ఒక్క ఎర్ర గుర్తూ రాలేదట. ఏమీ కనిపెట్టనిదానికి ఇంత హడావిడి ఎందుకని ప్రిన్సిపాల్ మొహం చిట్లించిందట. రెండోసారి ఈయన నా వాక్యం పీకేసి వెళ్ళాడు. డ్రైవర్లు పదకొండు మందికీ పదకొండు ఎర్ర గుర్తులు. ప్రిన్సిపాల్ లేచి మరీ మెచ్చుకుందట.

"బోడిగుండుకీ మోకాలికీ ముడిపెట్టి పదకొండు మంది పొట్టకొట్టారు మీరు," అన్నాను.

"చూడమ్మా, గీత నేను గీయలేదు. ఉన్నదే చూపించాం. స్కూలు అడగలేదు, డ్రైవర్లు అడగలేదు. కందకి లేని దురద కత్తిపీటకెందుకు?"

ఆ పదకొండు మందిలో ఒకడు మా బావ అని చెప్పాను. ఆయన గొంతు వెంటనే వెన్నలా మారిపోయింది. ముందే చెప్పాల్సిందన్నాడు. బావ ఒక్కడి పేరూ తనిఖీ నుంచి తప్పిద్దాం, మళ్ళీ చూశాం, పొరపాటు ఆయన ఒక్కడి విషయంలోనే అని స్కూలుకి చెబుదాం అన్నాడు. మిగతాది కదిపితే మాత్రం ఊరుకోనన్నాడు. పదకొండూ ఒక్కసారిగా మాయమైతే ఇన్నాళ్ళూ ఏం చూపించారని అడగరా, అప్పుడు మన కంపెనీ ఉంటుందా అని నన్నే నిలదీశాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ మంటలోనూ, బావ ఒక్కడైనా బయటపడతాడు కదా అన్న ఆలోచన వచ్చింది. అది వచ్చినందుకు ఇంకా మండింది. రేపు చెబుతానని వచ్చేశాను.

అక్క ఇంటికి వెళ్ళేసరికి బావ స్టూలెక్కి, బాగానే తిరుగుతున్న ఫ్యాను విప్పుతున్నాడు. మామూలుగా నన్ను చూస్తే 'వచ్చిందమ్మా చుక్కలు లెక్కపెట్టే మరదలు' అని మొదలుపెట్టే మనిషి. ఆ వేళ తల కూడా తిప్పలేదు. ఆ స్కూల్లోనే చదివే వాళ్ళ పిల్ల లోపలి గదిలో గోడవైపు తిరిగి పడుకుంది. నీ పక్కన కూర్చోవద్దని మా అమ్మ చెప్పిందని క్లాసులో ఒకమ్మాయి అందట. తల్లిదండ్రుల ఫోన్ గ్రూపులో ఎవరో పెట్టిన మాట అక్క నాకు చూపించింది. 'నిప్పు లేనిదే పొగ రాదు.' దానికింద బొటనవేళ్ళ బొమ్మలు బారులు తీరి ఉన్నాయి.

పొగపెట్టింది మా ఆఫీసే అని చెప్పాను. మొత్తం చెప్పాను, డెమో అన్న మాటతో సహా. బావ స్టూలు దిగి చేతులు తుడుచుకున్నాడు.

"అయితే తీయించు నా పేరు," అన్నాడు.

"మిగతా పదిమందీ?"

"వాళ్ళకి నీలాంటి మరదలు లేదని నేను ఇంట్లో కూర్చోవాలా?"

అక్క కూడా అదే మాట అంది. ముందు నీ ఇల్లు చక్కబెట్టు, తర్వాత ఊరిని ఉద్ధరిద్దువుగాని అంది. నేను బావ మీద అరిచాను, అక్క మీద అరిచాను. వాళ్ళూ నా మీద అరిచారు. మా ఇంటావంటా కోపానికి లోటులేదు. పిల్ల లేచివచ్చి, పిన్నీ నెమ్మదిగా మాట్లాడు, కిందివాళ్ళకి వినపడుతుంది అంది. ఆ మాటతో ముగ్గురమూ నోళ్ళు మూసుకున్నాం.

దారంతా ఆలోచిస్తూనే ఇంటికొచ్చాను. బావ పేరు తప్పిస్తే తప్పు అలాగే ఉంటుంది, బావ ఒక్కడే దాక్కుంటాడు. ఎప్పుడో ఎవరో ఆ పేరు మళ్ళీ కలిపితే మళ్ళీ ఎరుపే. మా బావ మానం డెమో దయ మీద వేలాడాలన్నమాట. పైగా పదిమందిని తీసేసి ఒక్కణ్ణే ఉంచితే, రేపు ఆ పదిమందీ బావని ఏమనుకుంటారు? ఇది బావ ఆలోచించలేదు. ఆలోచించే స్థితిలో లేడు.

పొద్దున్నే నా వాక్యం నేను మళ్ళీ రాశాను. ఎవరినీ అడగలేదు. కంప్యూటరు చంకన పెట్టుకుని స్కూలుకి వెళ్ళాను. నేను చేసిన పని ఆయనకి ఎవరు చెప్పారో, నేను ప్రిన్సిపాల్ ముందు కూర్చున్న కాసేపటికే డెమో ఆయాసపడుతూ వచ్చి నా పక్క కుర్చీలో కూలబడ్డాడు.

నేను చూపించాను. వాక్యం ఉంటే ఒక్క ఎర్ర గుర్తూ లేదు. తీసేస్తే పదకొండు. ఎందుకో టైర్ల షాపు కథంతా చెప్పాను, ఆ నంబరు అందరూ ఎందుకు రాయిస్తారో, అందుకు స్కూలు నియమమే ఎలా కారణమో కూడా. ఆవిడ శ్రద్ధగానే విన్నది. అర్థమైంది కూడా. అర్థమయ్యాక అన్న మాట ఇది:

"నిజమే కావచ్చు. కానీ తీసేశాం కదా. మళ్ళీ పిలిస్తే తల్లిదండ్రులకి ఏం చెప్పమంటారు?"

"పొరపాటు పడ్డామని చెప్పండి."

"అలా చెప్పే అలవాటు మాకు లేదమ్మా."

సాంకేతిక లోపం అని ఏదో నసిగాడు డెమో. నేను ఆయనవైపు చూడలేదు. వాక్యం మళ్ళీ తీసేసి, ఈసారి డ్రైవర్ల పేర్లకు బదులు స్కూలు పేరు పెట్టి వెతికాను. బస్సులు దారిలో చెడిపోతే కబురు చేయడానికని స్కూలు కూడా అదే టైర్ల షాపు నంబరు తన రవాణా వివరాల్లో రాసుకుంది. స్కూలు నుంచి నంబరుకి ఒక గీత, నంబరు నుంచి వాడికి ఒక గీత. స్కూలు పేరు పక్కన ఎర్ర గుర్తు వెలిగింది. తెరని ఆవిడ వైపు తిప్పాను.

"మీకూ వాడికీ కూడా రెండు గీతల దూరమే మేడమ్. మరి పిల్లల్ని మీ స్కూలుకి పంపొచ్చా?"

ఆవిడ కుర్చీ ముందుకి జరుపుకుని తెర చూసింది. ఇది తప్పా ఒప్పా అని అడగలేదు. ఇది ఇంకెవరు చూశారని అడిగింది. ఇప్పటివరకూ ఎవరూ చూడలేదన్నాను. 'ఇప్పటివరకూ' అన్న మాట కాస్త ఒత్తి పలికాను. నేనూ పెద్ద మంచిదాన్నేం కాదు.

సాయంత్రానికి పదకొండు మందికీ కబురు వెళ్ళింది, రేపటి నుంచి పనిలోకి రమ్మని. ఎవరికీ క్షమాపణ చెప్పలేదు. తల్లిదండ్రులకి ఒక్క ముక్క పంపారు, తనిఖీ పూర్తయింది అని. తప్పు జరిగిందని గానీ, వీళ్ళ తప్పేమీ లేదని గానీ అందులో లేదు. తిరిగి ఆఫీసుకి వెళ్తుంటే లిఫ్టులోనే డెమో నా ఆఫీసు కార్డు అడిగి తీసుకున్నాడు. ఇచ్చేశాను. ఆ చేత్తోనే నాలుగు మాటలు కూడా ఇచ్చాను, అవి ఇక్కడ రాయడానికి బాగుండవు.

పని లేనిదాన్ని కాబట్టి మర్నాడు పొద్దున్నే బావ బస్సెక్కాను. బావ చొక్కా ఇస్త్రీ మడతలు ముట్టుకుంటే కోసుకుపోయేలా ఉన్నాయి. అక్క ఆయనకంటే ముందే లేచి బూట్లకి పాలిష్ పెట్టింది. నాతో ఇద్దరూ ముభావంగానే ఉన్నారు, కానీ బస్సు మెట్టెక్కుతుంటే బావ, "జాగ్రత్త, చుక్కలు కనిపిస్తాయి," అన్నాడు. అది చాలనుకున్నాను. పిల్ల తండ్రి వెనక సీట్లోనే సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

మొదటి స్టాపులో ఎవరూ లేరు. బావ తలుపు తీసి, ఆగి, వేసి, బయల్దేరాడు. రెండో స్టాపులో ఒక తల్లి ఇద్దరు పిల్లలతో నిలబడి ఉంది. బస్సు ఆగగానే ఫోన్ చెవిన పెట్టుకుని అటు తిరిగింది. చిన్నవాడు మెట్టెక్కబోతే భుజం పట్టుకుని వెనక్కి లాగింది. దాటి వచ్చాక వెనక అద్దంలోంచి చూశాను. వాళ్ళు కారెక్కుతున్నారు. మూడో స్టాపు ఖాళీ. ఆ తర్వాతదీ ఖాళీయే. నాకు దిగి ఒక్కొక్కరి ఇంటి తలుపూ బాది, అది టైర్ల షాపు నంబరు, వినండి, ఉత్త టైర్ల షాపు నంబరు అని అరవాలనిపించింది. అరిస్తే ఏమంటారో కూడా తెలుసు. ఇంత గొడవ చేస్తున్నారంటే ఏదో ఉండే ఉంటుందంటారు.

పెద్ద రోడ్డు మీది స్టాపు దగ్గర బావ మళ్ళీ ఆపాడు. అక్కడా నరపురుగు లేదు. తలుపు తీసి కూర్చున్నాడు.

"ఎవరూ లేరుగా బావా, పోనీ," అన్నాను.

బావ గేరు మీద చెయ్యి వేశాడు. వెనక నుంచి పిల్ల సీటు పట్టుకుని ముందుకి వంగింది.

"ఇంకాసేపు ఆగు నాన్నా. ఈ స్టాపువాళ్ళు ఎప్పుడూ లేటుగానే వస్తారు."

బావ ఇంజను ఆపేశాడు. వెనక కార్లు వరసగా నిలిచిపోయాయి. ఒకటి హారన్ మొదలుపెట్టింది, తర్వాత అన్నీ అందుకున్నాయి. లేచి వెనక అద్దంలోంచి చూశాను. సగం కార్లలో వెనక సీట్లలో స్కూలు బట్టలతో పిల్లలే ఉన్నారు. హారన్లు మోగుతూనే ఉన్నాయి. బావ స్టీరింగు మీద చేతులు పెట్టుకుని, తీసి ఉన్న తలుపు వైపే చూస్తూ కూర్చున్నాడు.