ఏడో నంబరు

ఆ సైకిళ్ళ జట్టుకి ఒకటే కట్టుబాటు. కిందటి ప్రయాణంలో అందరికంటే వెనకబడింది ఎవరో, తర్వాతి ప్రయాణం ఎక్కడికో వాళ్ళే చెప్పాలి, మిగతావాళ్ళు కిక్కురుమనకూడదు. కాళ్ళలో సత్తా ఉన్నవాళ్ళు ప్రతిసారీ కొండలంటూ ఎగబడితే మెల్లగా తొక్కేవాళ్ళ గతేం కావాలి? అందుకని ప్రెస్సు నడిపే పెద్దాయన పెట్టిన రూలది. దాని పుణ్యమా అని ఎనిమిదేళ్ళ పాటు ఎక్కడికెళ్ళాలో ఒక్క మనిషే చెబుతూ వచ్చాడు. ఆయన ఆ జట్టులోనే ఉన్న ప్రెస్సు బైండరుకి బావ, అక్క మొగుడు. ఊళ్ళో వాళ్ళందరి గడియారాలూ బాగుచేసేవాడే గానీ, తను మాత్రం ఏనాడూ టైముకి వచ్చిన పాపాన పోలేదు.

బావ పోయి ఏడాదైంది. ఏడాదిగా జట్టు సైకిళ్ళు బయటికి తీయలేదు. ఇన్నాళ్ళకి ఆ శనివారం సాయంత్రం ఆరుగురూ ప్రెస్సు మేడ మీద చేరారు. కాగితాలు కోసే బల్ల మీద పెద్దాయన మ్యాపు పరిచాడు. బైండరు పనిచేసేది అక్కడే. ఓ మూల కుట్టి వదిలేసిన నోటుపుస్తకాలు దొంతరగా ఉన్నాయి, అతని వేళ్ళకి జిగురు ఇంకా ఆరలేదు.

"రూలు రూలే. కిందటిసారి ఆఖరివాడు మీ బావే కదా," అన్నాడు పెద్దాయన. "అందుకే మీ అక్కని రమ్మన్నాను."

బైండరు వేళ్ళ జిగురు గట్టిగా తుడుచుకున్నాడు. ఒక్క మాట ముందు చెప్పి చావొచ్చు కదా ఈ మనిషి!

అక్క రానే వచ్చింది, బావ సైకిలు మెట్ల మీదుగా మోసుకుని మరీ. మూడు నెలలుగా తెల్లారగట్ల నేర్చుకుంటోందట. మోకాలి మీద ఇంకా పచ్చిగానే ఉన్న గీరుడు చూపించి నవ్వింది కూడా. సైకిలు గోడకి ఆనించి, మ్యాపు వంక చూడనైనా చూడకుండా, "కొండకి," అంది.

 జట్టులో బావని అన్నయ్యా అని పిలిచే నర్సు చటుక్కున తలెత్తింది.

"ఎందుకొదినా మళ్ళీ అక్కడికి?"

"మీ అన్నయ్య జన్మలో ఎక్కింది ఆ ఒక్క కొండే కదమ్మా. పైదాకా వెళ్ళి నంబరు చెప్పాడన్నారు. నేనూ అక్కడ నిలబడి ఏడు అని అరుస్తాను. అంతే, ఇంకేం వద్దు నాకు."



ఏడాది కిందట బావని ఆ కొండకి ఎగదోసింది బైండరే. "నీకు స్పీడు బ్రేకరే కొండలే బావా!" అని నలుగురిలో ఆటపట్టిస్తే, ఆ పిచ్చి మారాజు పౌరుషానికి పోయి కొండ అన్నాడు. జట్టులో ఆఖరివాడి వెనక ఎప్పుడూ ఒకడుండాలి. ప్రయాణం రోజు ఆ కాపలా బైండరుది. సగం కొండ దాకా బావ వెనకే ఈడ్చుకుంటూ వచ్చాడు. ఇంతలో వాన అందుకుంది. ఒళ్ళు మండిపోయింది అతనికి. "నువ్వు మెల్లగా రా, నేను పైనుంటా," అనేసి దాటి వెళ్ళిపోయాడు.

పైన పొగమంచు, పక్క మనిషి మొహం పక్క మనిషికి కనపడదు. దూరంగా పిడుగులు పడుతున్నాయి. ఏడుగురి లెక్కా తేలందే దిగకూడదు. పెద్దాయన లెక్క మొదలుపెట్టాడు, ఎవరి నంబరు వాళ్ళు అరవాలి. ఒకటి, రెండు, మూడు... ఆరు బైండరుది, చెప్పాడు. తర్వాతిది బావది. వెనక వదిలేసి వచ్చానంటే అందరూ కలిసి దులిపేస్తారు. ఎలాగూ వచ్చేస్తున్నాడు, దార్లో ఎదురుపడితే వెనక్కి తిప్పుకుని దిగుదాంలే అనుకున్నాడు. గొంతు మార్చి, బావలాగే సాగదీసి, "ఏడూ..." అన్నాడు.

అందరూ దిగిపోయారు. బావ ఎదురుపడలేదు. కింద అరగంట చూసి, మళ్ళీ ఎక్కుతూ వెతికితే, పైనుంచి మూడో మలుపులో, రోడ్డు పక్క గోతిలో దొరికాడు. దిగుతూ జారాడనే అనుకున్నారందరూ. బైండరు నోరు అప్పుడు పెగల్లేదు, తర్వాతా పెగల్లేదు.

"వద్దక్కా," అన్నాడు ఇప్పుడు. "నీకసలు గేర్లే సరిగ్గా రావు. చెరువు గట్టు రోడ్డుంది, సముద్రం దారుంది. హాయిగా..."

"నీ సలహా ఎవడడిగాడ్రా? రూలు ప్రకారం మాట నాది." పెద్దాయన వైపు తిరిగింది. "ఒకటి చెప్పండి బాబాయ్. నంబరు చెప్పినప్పుడు ఆయన గొంతెలా ఉంది?"

పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "హుషారుగా ఉందమ్మా. నవ్వుతూ చెప్పాడు."

"నేను చూశాను కూడా," అన్నాడు జట్టులోని పెయింటరు. "తువ్వాలుతో తల తుడుచుకుంటున్నాడు."

పచ్చి అబద్ధం. పాపం, కావాలని ఆడింది కాదు. ఏడాదిగా ఆమెకి ఊరటగా ఉంటుందని తలా ఓ మాట చేర్చుకుంటూ పోయి, చివరికి వాళ్ళే నమ్మేశారు. అక్క మొహం వెలిగిపోతోంది. ఆ వెలుగుని చూస్తూ కూర్చోవడం బైండరు వల్ల కాలేదు. పైకెళ్ళి ఆ మంచులో నిలబడి ఆమె ఏడు అని అరుస్తుంటే పక్కన తనుండాలి. చచ్చినా ఉండలేడు.

"అది బావ కాదక్కా," అన్నాడు. "నేను."

"ఏంటి నువ్వు?"

"ఏడు అన్నది నేను. బావ అసలు పైకి రానేలేదు. దారిలో వదిలేసి వచ్చాను. తిడతారని ఆయన గొంతుతో నేనే అరిచాను."

పెద్దాయన బల్ల అంచు పట్టుకుని కూర్చుండిపోయాడు. "ఓరి దుర్మార్గుడా," అన్నాడు పెయింటరు, మెల్లగానే.

అక్క తిట్టలేదు, ఏడవలేదు. నర్సు దగ్గరికెళ్ళి నిలబడింది.

"మీరు చూసేసరికి ఒళ్ళు వెచ్చగానే ఉందన్నావు. పడ్డాక పది నిమిషాలు కూడా బతికుండడు, నొప్పి కూడా తెలిసుండదు అన్నావు. ఎక్కేటప్పుడే పడ్డాడంటే, మీకు దొరికేసరికి ఎంతసేపైనట్టు?"

నర్సు బైండరు వైపు చూసింది.

"రెండు గంటలు," అన్నాడు బైండరు.

"రెండు గంటలూ బతికే ఉన్నాడా?"

నర్సు కళ్ళు తుడుచుకుంది. "చాలాసేపు ఉండుంటాడొదినా."

"అయితే మీరు దిగింది ఆయన పక్కనుంచే."

"అవునక్కా."

"మలుపులో బెల్లు కొడతారా?"

ఎందుకడుగుతోందో అర్థమయ్యేలోపే పెద్దాయన నోరు జారాడు. "మంచు కదమ్మా, ఎదురుగా ఎవరొస్తారో ఏమోనని... కొట్టాం."

"ఆరుగురూ?"

"ఆరుగురం."

అక్క మొహం చూడలేక అందరూ తలలు దించుకున్నారు. ఆ గోతిలో పడున్న మనిషి ఒక్కో బెల్లూ దగ్గరికి రావడం, దాటిపోవడం విని ఉంటాడు. ఆరోది బావమరిదిదని కూడా గుర్తుపట్టి ఉంటాడు.

ఆమె మొదటిసారి మ్యాపు మీదికి వంగింది. వేలితో కొండ దారి పట్టుకుని, పైనుంచి లెక్కపెట్టుకుంటూ వచ్చి ఓ చోట ఆపింది.

"ఇదేనా?"

"అదేనమ్మా," అన్నాడు పెద్దాయన.

"ఇక్కడిదాకానే వెళ్దాం. పైకొద్దు." వేలు తీసింది. "ఐదుగురూ రండి. వీడొద్దు."

సైకిలు భుజాన వేసుకుని మెట్ల వైపు నడిచింది. నిటారు మెట్లవి, బరువు సైకిలు. బైండరు అలవాటుగా లేచి వెనక చక్రం పట్టుకోబోయాడు.

"వదులు," అంది అక్క. "నేను దించుకోగలను."